రావాల్సిన పేజీ రాదేం?

ఎంసెట్ అనే పరీక్ష ఇప్పుడు ఎక్కడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో దాని పేరు ఈఏపీసెట్‌ అయింది. మెడికల్ సీట్లు నీట్‌కి వెళ్లిపోయాక పేరులో ‘ఎం’కి పనిలేకుండా పోయింది మరి. అయినా ఫలితాల రోజున ఫోన్ పట్టుకుని కూర్చున్న తండ్రి కొట్టేది ‘ఎంసెట్ రిజల్ట్స్’ అనే. దశాబ్దాలుగా నోట్లో నానిన మాట ఒక జీవోతో పోతుందా!

అలా కొడితే ఏమొస్తుందో చాలా ఇళ్లలో అనుభవమే. ఒక వార్తల సైటు ‘డైరెక్ట్ లింక్ ఇదే’ అంటుంది. ఒక కోచింగ్ సెంటర్ ‘మీ ర్యాంకుకి ఏ కాలేజీ వస్తుందో చెబుతాం’ అని ఫోన్ నంబరు అడుగుతుంది. మధ్యలో రెండేళ్ల కిందటి ఫలితాల పేజీ ఒకటి తలదూరుస్తుంది. పరీక్ష పెట్టినవాళ్ల పేజీ, అంటే నిజంగా చూడాల్సిన పేజీ, ఒక్కోసారి వేలితో తోసుకుంటూ కిందికి పోతేగానీ కనిపించదు.

గూగుల్‌ని తిట్టుకోవడం తేలికే. కానీ ఆ వార్తల సైటువాళ్లు ఏం చేశారో కాస్త చూడండి. నెలల ముందే పేజీ తయారుచేసి పెట్టుకున్నారు. శీర్షికలో జనం కొట్టే మాటలే పెట్టారు: పాత పేరు, కొత్త పేరు, సంవత్సరం. తమ సైటులో పదిచోట్ల నుంచి దానికి దారి వేశారు. ఇటు ఎన్నో ప్రభుత్వ సైట్లలో పేజీ శీర్షిక ‘హోమ్’ అనో ‘వెల్‌కమ్’ అనో ఉంటుంది. అసలు సమాచారమేమో వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఉంటుంది. అందులో ఎంసెట్ ఉందో ఎరువుల టెండరు ఉందో యంత్రానికి ఎలా తెలియాలి?

‘మా సైటు గూగుల్‌లో రావట్లేదండీ’ అనే మాట దుకాణదారుల నోట, బడుల యాజమాన్యాల నోట తరచూ వింటుంటాం. సెర్చ్ ఇంజిన్ వరస కట్టేది సైట్లను కాదు, పేజీలను. జనం అడిగే ఒక్కో ప్రశ్నకి తన ఇంట్లో ఏ పేజీ జవాబు చెప్పాలో యజమానే తేల్చుకోకపోతే, యంత్రం తనకు తోచింది తేల్చేస్తుంది. నేను చూసినంతలో గొడవ ఎక్కువగా ఇక్కడే ఉంది. బయటి పోటీ సంగతి ఆ తర్వాత.

ఇంట్లోనే పోటీ

గద్వాల చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే దుకాణం ఒకటి ఉందనుకుందాం. ‘గద్వాల్ శారీస్’ అని వెతికినవాళ్లు చేరాల్సింది చీరలన్నీ ధరలతో సహా కనిపించే పేజీకి. చేరుతున్నది మాత్రం మూడేళ్ల కిందటి సంక్రాంతి ఆఫర్ పేజీకి. అక్కడ ఆఫర్ ఎప్పుడో ముగిసింది, ఉన్న నాలుగు చీరల కిందా ‘అవుట్ ఆఫ్ స్టాక్’ అని ఉంది. వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతారు.

ఆ పాత పేజీకి అంత బలం ఎక్కడిది? ఆ పండక్కి ఒకటి రెండు వార్తల సైట్లు, చీరల మీద రాసేవాళ్లు కొందరు దానికి లింకు ఇచ్చారు. హోమ్‌పేజీలో నెల రోజులు దాని బ్యానరే వేలాడింది. మరుసటి ఏడాది దుకాణంవాళ్లు కొత్త అడ్రసుతో ఇంకో సంక్రాంతి పేజీ పెట్టారు, ఆపై ఏడాది మరొకటి. కూడబెట్టుకున్న పలుకుబడి అంతా పాత అడ్రసు దగ్గరే వదిలేసి ప్రతి ఏడూ సున్నా నుంచి మొదలుపెట్టడమే ఇది. అడ్రసులో సంవత్సరం లేకుండా ఒకటే ఆఫర్ పేజీ ఉంచుకుని, ఏటా లోపలి సరుకు మార్చుకుంటూ పోతే సరిపోయేది. అడ్మిషన్ల నోటిఫికేషన్లు వేసే కాలేజీలూ, జాతరల వివరాలు పెట్టే దేవాలయాలూ కూడా ఏటా కొత్త అడ్రసు పెట్టే పొరపాటే చేస్తుంటాయి.

ఇంతకన్నా కంటికి కనపడని తంటా మరొకటుంది. అదే దుకాణంలో రంగును బట్టి, ధరను బట్టి చీరలు వడకట్టుకునే బటన్లు ఉంటాయి కదా. ఎరుపు నొక్కితే అడ్రసు చివర ప్రశ్నార్థకం పడి ‘కలర్=రెడ్’ అని చేరుతుంది. తక్కువ ధర నుంచి చూపించమంటే ‘సార్ట్=ప్రైస్’ అని ఇంకో తోక. ఎనిమిది రంగులు, ఐదు ధరల మెట్లు, నాలుగు రకాల వరసలు అనుకుంటే 160 అడ్రసులు. అంచుల్లో మూడు రకాలు కలిపితే 480. చీరలు అవే, పేజీలు మాత్రం 480! పేజీలు చదువుకుంటూ తిరిగే గూగుల్‌బాట్ వీటి చుట్టూ తిరిగి తిరిగి, కొత్తగా వచ్చిన చీర పేజీని తాపీగా చూస్తుంది.

ఒకేలా ఉన్న పేజీలన్నిటినీ గూగుల్ ఒక కుప్పగా వేసి, అందులో ఒకదాన్ని అసలుదిగా పెట్టుకుంటుంది. దాన్నే కెనానికల్ పేజీ అంటారు. ఏది అసలుదో యజమానే చెప్పుకునేందుకు 2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి ఒక చిన్న ట్యాగ్ తెచ్చాయి. పేజీ తలకట్టులో ఒక్క లైను రాస్తే చాలు, ‘నేను నకలును, నా అసలు ఫలానా’ అని చెప్పినట్టు. అయితే గూగుల్ దీన్ని ఆజ్ఞగా తీసుకోదు, సూచనగానే తీసుకుంటుంది. ట్యాగ్‌లో ఒక అడ్రసు రాసి, మెనూలో లింకు ఇంకోదానికి ఇచ్చి, సైటు పేజీల జాబితా అయిన సైట్‌మ్యాప్‌లో మూడోది పెడితే అది మన మాట పక్కనపెట్టి తన దారి తాను చూసుకుంటుంది. ఇలాంటి చోట్ల యంత్రం తప్పేమీ లేదు. మూడు నోళ్లతో మూడు మాటలు చెప్పింది మనమే.

ఈ గుట్టంతా చూపించే పనిముట్టు ఉచితంగానే దొరుకుతుంది, గూగుల్ సెర్చ్ కన్సోల్. సైటు మనదేనని రుజువు చేసుకున్నాక అందులో ‘పెర్ఫార్మెన్స్’ తెరిచి, జనం వెతికిన మాటల్లోంచి ‘గద్వాల్ శారీస్’ మీద నొక్కాలి. పక్కనున్న ‘పేజెస్’ ట్యాబ్‌లోకి వెళ్తే ఆ ఒక్క మాటకి మన పేజీల్లో ఏది ఎన్నిసార్లు కనిపించిందో, ఎన్ని క్లిక్కులు పడ్డాయో వరసగా ఉంటుంది. రెండు మూడు పేజీలు ఒకరోజు ఇది, ఒకరోజు అది అన్నట్టు మారుతుంటే ఇంట్లో కుమ్ములాట ఉన్నట్టే. ఇక పేజీ అడ్రసును పైన పెట్టెలో అతికించి ఇన్‌స్పెక్షన్ చేయిస్తే అసలు పేజీ గురించి రెండు లైన్లు వస్తాయి. మీరు ప్రకటించిన అసలు పేజీ ఒకటి, గూగుల్ ఎంచుకున్న అసలు పేజీ ఒకటి. ఈ రెండు లైన్లలో వేర్వేరు అడ్రసులు కనబడితే రోగం తెలిసినట్టే.

మందు కూడా పెద్ద విద్యేమీ కాదు. ఒకే ప్రశ్నకి జవాబు చెప్పే పేజీలు రెండుంటే మంచిదాన్ని ఉంచి, రెండోదాంట్లోని పనికొచ్చే సమాచారం దీంట్లోకి తెచ్చి, పాత అడ్రసును ‘301’ అనే శాశ్వత మళ్లింపుతో ఇటు తిప్పాలి. అలాగని ‘గద్వాల’ అనే మాటున్న పేజీలన్నీ కలిపేయమని కాదు. పట్టు అంచు చీరను ఎలా ఉతకాలి అని వెతికే ఆవిడ కొనడానికి రాలేదు. ఆవిడ ప్రశ్న వేరు, ఆవిడ పేజీ వేరుగా ఉండాల్సిందే.

ఇక్కడ తొందరపడి చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. అక్కర్లేని పేజీ రాకుండా చేయమంటే కొందరు రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్లో అడ్డుగీత గీస్తారు. 1994 నుంచీ ఉన్న పద్ధతే అది. కానీ అది యంత్రాన్ని పేజీ చదవొద్దని ఆపుతుందే తప్ప, గూగుల్ జాబితాలోంచి తీసేయదు. బయటి లింకులు ఉంటే ఆ అడ్రసు ఫలితాల్లో వివరణ లేకుండా మొండిగా కనిపిస్తూనే ఉంటుంది. తీసేయమని చెప్పే మాట ‘నోఇండెక్స్’. అది పేజీ లోపల ఉంటుంది. తలుపు మూసేస్తే లోపల రాసింది ఎవరు చదువుతారు? ఈ రెండూ కలిపి పెట్టి, పేజీ ఇంకా పోలేదేమని నెలల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు.

పక్కవాడి సాక్ష్యం

అన్ని పేజీలూ ‘నేనే గొప్ప’ అనే చెబుతాయి గనక, పేజీ తన గురించి తాను చెప్పుకునేదాన్ని ఎంతవరకు నమ్మాలన్నది సెర్చ్ ఇంజిన్లకు మొదటి నుంచీ ఉన్న చిక్కు. 1998లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పట్టుకున్న దారి ఆ చిక్కులోంచి వచ్చిందే. ఒక పరిశోధనా పత్రం విలువను దాన్ని ఎందరు ఉదహరించారన్నదాన్ని బట్టి అంచనా వేసినట్టే, ఒక పేజీ విలువను దానికి ఎవరెవరు లింకు ఇచ్చారన్నదాన్ని బట్టి లెక్కగట్టారు. అదే పేజ్‌ర్యాంక్. లింకు ఇచ్చినవాడి విలువ కూడా ఆ లెక్కలోకి వస్తుంది. అదొక్కటే కాదు, లింకు మీద ఏ మాటలు రాశారన్నదీ చూస్తారు.

ఈ రెండోదానికి ఎంత బలముందో 2003లో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్‌కి తెలిసొచ్చింది. కొందరు అల్లరివాళ్లు ‘మిజరబుల్ ఫెయిల్యూర్’ అనే మాటలకి వైట్‌హౌస్ సైటులోని బుష్ పరిచయం పేజీని లింకు చేసుకుంటూ పోయారు. ఆ మాటలు కొడితే గూగుల్‌లో ఆయన అధికారిక జీవిత వివరాలే మొదట వచ్చేవి. ఆ పేజీలో ఎక్కడ వెతికినా ఆ రెండు మాటలు లేవు! 2007 జనవరిలో గూగుల్ తన లెక్క మార్చుకునేదాకా ఈ తమాషా సాగింది.

బుష్‌ది అల్లరి వ్యవహారం, జేసీ పెన్నీది వ్యాపారం. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ ఈ దుకాణాల గొలుసు కథ బయటపెట్టింది. దుస్తులు, పరుపులు, తివాచీలు, ఏది వెతికినా పెన్నీయే ముందు. చివరికి శామ్‌సొనైట్ పెట్టెల కోసం వెతికితే శామ్‌సొనైట్ సొంత సైటు కంటే పైన పెన్నీ పేజీ! తవ్వితే తేలిందేమంటే, దుస్తులకీ పెట్టెలకీ ఏ సంబంధమూ లేని, అడిగే దిక్కులేని వేలాది పేజీల్లోంచి పెన్నీకి లింకులు నాటారు. విషయం తెలిశాక గూగుల్ చేత్తో దించేసింది. ఆ సాయంత్రం 7 గంటలకి శామ్‌సొనైట్ పెట్టెల వెతుకులాటలో మొదటి స్థానంలో ఉన్న పేజీ, 9 గంటలకి 71వ స్థానంలో తేలింది. లింకుల సంగతి తమకు తెలియదన్న పెన్నీ ఆ పని చూసే కంపెనీని తీసేసింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో గూగుల్ తెచ్చిన ‘పెంగ్విన్’ మార్పుతో ఇలాంటి నాటు లింకుల మీద బతికిన సైట్లు చాలా మటుకు మునిగాయి.

ఇంత కథ చెప్పుకున్నాక, మన చేతిలో ఉన్న లింకుల్ని మనం ఎలా పాడుచేసుకుంటామో చూడాలి. మన సైటులోని పేజీల నుంచి మన పేజీకే ఇచ్చే లింకులు కూడా సాక్ష్యమే. వాటి మీద ఏం రాస్తాం? ‘ఇక్కడ క్లిక్ చేయండి.’ ‘మరిన్ని వివరాలకు.’ ఆ మాటలకి ఏ పేజీ పైకి రావాలని! ‘గద్వాల పట్టు చీరల ధరలు’ అని రాసి లింకు ఇస్తే మనిషికీ తెలుస్తుంది, యంత్రానికీ తెలుస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు, అందుకేనేమో ఎవరూ చేయరు.

ఖర్చయ్యే దారి చూపించడానికి మాత్రం మనుషులు సిద్ధంగా ఉన్నారు. ‘నెలలో ఫస్ట్ పేజీ గ్యారంటీ సార్’ అంటూ రోజూ వచ్చే ఫోన్లు తెలిసినవే. మొదటి స్థానం గ్యారంటీ ఇవ్వడం ఎవరి తరమూ కాదని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసిపెట్టింది. వీళ్లలో తెలివైనవాళ్లు దుకాణం పేరుకే మొదటి స్థానం తెచ్చి చూపిస్తారు. మన పేరు కొడితే మనం రావడంలో గొప్పేముంది? మన పేరు తెలియనివాడు వెతికితే రావాలి గానీ. ఇంకొందరు పేజీలో మెటా కీవర్డ్స్ అని వందమాటలు కుక్కి బిల్లు వేస్తారు. వాటిని ర్యాంకుకి వాడటం లేదని గూగుల్ 2009లోనే బాహాటంగా ప్రకటించింది. ఈ వృత్తిలో బుద్ధిగా పనిచేసేవాళ్లు లేకపోలేదు. వాళ్లు ముందు గ్యారంటీ ఇవ్వరు, సెర్చ్ కన్సోల్ చూడనివ్వమని అడుగుతారు.

2024 నుంచి మన దేశంలోనూ కొన్ని ప్రశ్నలకు వరస కంటే పైన కృత్రిమ మేధ రాసిన జవాబు ఒకటి ప్రత్యక్షమవుతోంది. పక్కన ఆధారంగా కొన్ని పేజీల లింకులు ఉంటాయి. అక్కడికే తృప్తిపడి కింద వరస చూడకుండా వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. వ్యాపారులకు ఇది గుబులే. ఇప్పుడు దానికీ వేరే కిటుకులున్నాయని అమ్మేవాళ్లు బయల్దేరారు. ఆ జవాబు కూడా అదే జాబితాలోని పేజీల్లోంచే వస్తుందని, అందుకోసం ప్రత్యేకంగా చేయాల్సిందేమీ లేదని గూగుల్ అంటోంది.

కంటికి తెలుగు, యంత్రానికి గజిబిజి

తెలుగు పేజీల కష్టాలు మరో రకం. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దక్కింది. కానీ ఆ తర్వాత ఎన్నో ఏళ్లపాటు మన పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వారిదిగా నడిచాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంట్లవి. తెర మీద చక్కని తెలుగు కనిపించేది, లోపల మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాలు. పాఠకుడికి పేజీ ఉంది, సెర్చ్ ఇంజిన్‌కి లేదు. సైట్లు యూనికోడ్‌కి మారాయి గానీ డీటీపీ సెంటర్లు ఇంకా పాత దారిలోనే ఉన్నాయి. అనూ ఫాంట్లలో టైపు చేసి పీడీఎఫ్‌గా సైటులో పెట్టిన కరపత్రంలోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. అక్కడ ఏం పడుతుందో, యంత్రం చదివేది కూడా అదే.

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా యూనికోడ్‌లో ఉండటం వల్ల దానికి దక్కిన లాభం చూడండి. చాలా ఊళ్ల పేర్లు తెలుగులో కొడితే మొదట వచ్చేది దాని పేజీయే. ఆ ఊరి గురించి అంతకంటే గొప్పగా రాసిన పుస్తకాలు స్కానుల రూపంలో ఎక్కడో పడి ఉంటాయి, వెతుకులాటకి అందవు.

ఇక జనం వెతికే మాటల సంగతి. ఒకే కూరగాయ ఒకచోట సొరకాయ, ఇంకోచోట ఆనపకాయ. గుంటూరువాళ్ల గోంగూర తెలంగాణలో పుంటికూర. వాటిని తెలుగు లిపిలో కొట్టేవాళ్లు కొందరైతే, ‘గోంగూర పచ్చడి ఎలా చేయాలి’ అని ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరి స్పెల్లింగు వారిదిగా కొట్టేవాళ్లు ఎందరో. సెర్చ్ ఇంజిన్లు వీటిని కలుపుకోవడం నేర్చుకుంటున్నాయి గానీ పూర్తిగా వాటి మీద వదిలేయలేం. పచ్చడి పేజీ రాసేటప్పుడు ‘మా వైపు పుంటికూర అంటాం’ అని ఒక్క వాక్యం పడితే రాతకీ అందమే, వెతుకులాటకీ మేలే. ఒక్కో మాటకి ఒక్కో పేజీ పెడితే మాత్రం మళ్లీ ఇంట్లో పోటీయే.

దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది, పేరొకటే, ఊళ్లు వేరు. విజయనగరం అంటే ఉత్తరాంధ్రలో జిల్లా. చరిత్ర పుస్తకంలో కృష్ణదేవరాయల రాజధాని. హైదరాబాద్‌లో విజయనగర్ కాలనీ, కర్ణాటకలో 2021లో ఏర్పడ్డ విజయనగర జిల్లా. ఉత్తరాంధ్ర విజయనగరంలోని హోటలు శీర్షికలో ఉత్త ‘విజయనగరం హోటల్’ అని రాసుకుంటే ఎవరికోసం రాసుకున్నట్టు? జిల్లా, రైల్వే స్టేషనుకి ఎంత దూరమో కూడా రాస్తే దారితప్పిన అతిథులు తగ్గుతారు.

పేరు మారింది, అడ్రసు మారింది

2024లో తెలంగాణ ప్రభుత్వం ‘టీఎస్’ని ‘టీజీ’ చేసింది. టీఎస్‌పీఎస్సీ టీజీపీఎస్సీ అయింది, టీఎస్‌ఆర్టీసీ టీజీఎస్‌ఆర్టీసీ అయింది. భూముల రికార్డులకి 2020లో వచ్చిన ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పేరు మార్చడం ప్రభుత్వాల ఇష్టం. కానీ పట్టాదారు పాసుపుస్తకం కోసం వెతికే రైతు ‘ధరణి’ అనే కొడతాడు. కొత్త పేజీలో ‘పూర్వపు ధరణి’ అన్న మాట కనబడేలా ఉండాలి. పాత సైటులోని ప్రతి పేజీ కొత్తదాంట్లో తన జోడీ పేజీకే మళ్లాలి. ఇల్లు మారినప్పుడు పోస్టాఫీసులో కొత్త అడ్రసు ఇచ్చి రావడంలాంటిది ఇది. అన్ని పాత పేజీలనూ కట్టగట్టి కొత్త హోమ్‌పేజీ మీదికి తోసేస్తే మళ్లించినట్టు కాదు. మళ్లింపులు వీలైనంత కాలం, కనీసం ఏడాదైనా ఉంచాలన్నది గూగుల్ సలహా. ఏడాది చాలదనే నా అభిప్రాయం. పాత పాఠ్యపుస్తకాల్లో, కరపత్రాల్లో, గోడల మీద అచ్చయిన అడ్రసులు ఏడాదికి చెరిగిపోవు.

అడ్రసు మారిన ప్రతిసారీ జనంలో ఏది అసలుదో తెలియని సందిగ్ధం కొన్నాళ్లు ఉంటుంది. నకిలీలకు కావాల్సింది అదే. తిరుమల సేవల టికెట్ల విషయంలో ఇది బాగా తెలుస్తుంది. టీటీడీ బుకింగ్ సైటు అడ్రసు పలుమార్లు మారింది. ‘తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అని ఉన్నది 2024 జనవరిలో ‘టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’ అయింది. అంతకుముందు ఏడాది ఏప్రిల్‌లో టీటీడీ గుర్తించిన నకిలీ సైట్ల లెక్క 41కి చేరింది. వాటిలో ఒకదాని అడ్రసు చూడండి: తిరుపతిబాలాజీ, ఒక అడ్డగీత, ఏపీ, ఒక అడ్డగీత, గవ్, చివర డాట్ ఓఆర్‌జీ. చుక్కలున్న చోట గీతలు పెట్టారు, అంతే. ఫోన్ తెర మీద, దర్శనం తేదీలు అయిపోతున్నాయన్న కంగారులో, ఆ గీతల్ని ఎవరు గమనిస్తారు?

గమనించాల్సింది చివరి భాగాన్ని. ‘డాట్ గవ్ డాట్ ఇన్’ ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ‘డాట్ ఓఆర్‌జీ’, ‘డాట్ కామ్’ ఎవరైనా కొనుక్కోవచ్చు. ముందు ‘గవ్’ అని ఎన్నిసార్లు రాసుకున్నా లెక్కలోకి రాదు. వరసలో అన్నిటికంటే పైనుందన్నది కూడా రుజువు కాదు. ఫలితం పైన ‘స్పాన్సర్డ్’ అని రాసి ఉంటే ఆ చోటు డబ్బిచ్చి కొన్నది. బ్యాంకులు, కొరియర్లు, గ్యాస్ ఏజెన్సీల ‘కస్టమర్ కేర్’ నంబర్లను సెర్చ్‌లో వెతకడం మరీ ప్రమాదం. ఆ నంబరు మీ పాసుబుక్కు మీద, గ్యాస్ బిల్లు మీద అచ్చయి ఉంటుంది. ఒకవేళ డబ్బు పోయిందా, మోసం చేసినవాడికే మళ్లీ ఫోన్ చేస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి చేయాలి. డబ్బు ఖాతాలు మారిపోకముందే ఫిర్యాదు అందితే ఆపగలిగే అవకాశం ఉంటుంది.